ఖిద్మతె ఖల్క్‌లో యువతకు చోటు: మస్జిదు సేవాదళాన్ని నిర్మించుకోవటం ఎలా?

మన జమాఅతు పెద్దల నోట తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. పిల్లలు జుమాకు వస్తారు, సలాం తిప్పగానే చెప్పులు వేసుకుని వెళ్ళిపోతారు, ఏ పనికీ ముందుకు రారు అంటారు. అదే యువకుల దగ్గర కూర్చుంటే మరో మాట వినిపిస్తుంది. మమ్మల్ని పిలిచేది చాపలు పరచటానికి, ఇఫ్తార్ పళ్ళాలు మోయటానికి మాత్రమే, ఏం చేయాలన్నది మాతో మాట్లాడేవారు ఎవరూ లేరు అంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. అయితే ఫిర్యాదు చేసుకుంటూ కూర్చుంటే ఇరువర్గాలూ నష్టపోతాయి. పని ఆగిపోతుంది, యువకుడు మస్జిదుకు దూరమవుతాడు.

గోదావరి డెల్టాలో మనం చాలా ఊళ్ళల్లో కొద్ది ఇళ్ళవాళ్ళమే. చదువుకున్న పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు వెళ్తున్నారు. మరికొందరు కువైట్, దుబాయి వెళ్తున్నారు. ఊళ్ళో మిగిలినవారు దుకాణాల్లో, మెకానిక్ షెడ్లలో, కాలేజీల్లో ఉన్నారు. ఈ కొద్దిమందినీ కలుపుకుని ఒక సేవాదళాన్ని ఎలా నిర్మించుకోవాలి? అది నాలుగు రోజుల ముచ్చటగా కాక నాలుగేళ్ళు ఎలా నిలబడాలి? ఖుర్‌ఆన్, హదీసుల వెలుగులో, మన ప్రాంతపు అనుభవాలను ముందు పెట్టుకుని ఈ పాఠంలో పరిశీలిద్దాం.

సేవ కూడా ఆరాధనే

దాసుడు తన సోదరునికి సహాయపడుతున్నంత కాలం అల్లాహ్ ఆ దాసునికి సహాయపడుతూ ఉంటాడని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) తెలియజేశారు (ముస్లిం). వితంతువుల కోసం, నిరుపేదల కోసం పాటుపడే మనిషిని ఆయన దైవమార్గంలో పోరాడేవానితో పోల్చారు (బుఖారీ). ఇది నమాజుకు బదులు కాదు, నమాజు మనిషిలో పండించవలసిన పంట.

ప్రవక్త (స) యౌవనంలోనే ఇందుకు ఒక గొప్ప ఉదాహరణ ఉంది. యమన్ ప్రాంతపు వర్తకుడొకడు మక్కాలో సరుకు అమ్మితే, ఆస్ బిన్ వాయిల్ అనే నాయకుడు సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టాడు. బాధితుడు కఅబా దగ్గర నిలబడి మొర పెట్టుకున్నాడు. అప్పుడు కొన్ని తెగలవారు అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట్లో సమావేశమై, మక్కాలో అన్యాయానికి గురైనవాడు ఎవరైనా సరే అతని పక్షాన నిలబడతామని ప్రమాణం చేశారు. దానినే హిల్ఫుల్ ఫుదూల్ అంటారు. అందులో పాల్గొన్నప్పుడు ప్రవక్త (స) వయస్సు సుమారు ఇరవై ఏళ్ళు. ప్రవక్త పదవి లభించిన తరువాత కూడా ఆయన ఆ ఒప్పందాన్ని మెచ్చుకున్నారు, అలాంటి పనికి ఇప్పుడు పిలిచినా వస్తానన్నారు.

ఇక్కడ మూడు విషయాలు గమనించాలి. పిలుపు ఒక నిజమైన బాధ నుంచి వచ్చింది. సహాయం పొందేవాడు తమ తెగవాడా కాదా అని ఎవరూ చూడలేదు. ఇరవై ఏళ్ళ యువకుడు పెద్దలతో సమానంగా అదే సభలో కూర్చున్నాడు.

ప్రవక్త (స) యువకులకు ఏ పనులు అప్పగించారు?

దివ్యఖుర్‌ఆన్ గుహవాసుల గాథ చెబుతూ వారు యువకులని ప్రత్యేకంగా పేర్కొంది (18:13). విగ్రహాలను ప్రశ్నించిన ఇబ్రాహీం (అలై)ను ఆయన జాతివారు ఒక యువకునిగానే ప్రస్తావించారు (21:60). ప్రవక్త (స) పద్ధతి కూడా ఇదే కోవలో సాగింది. జైద్ బిన్ సాబిత్ (రజి) చిన్న వయస్సులోనే యూదుల లిపిని పదిహేను రోజులలోపే నేర్చుకుని ఉత్తరప్రత్యుత్తరాల బాధ్యత మోశారు. తరువాత అబూబక్ర్ (రజి) ఖుర్‌ఆన్ సంకలనం పనిని ఆయనకే అప్పగించారు. మక్కా విజయం తరువాత ఆ పట్టణపు పాలన చూసింది ఇరవై ఏళ్ళ ప్రాయంలో ఉన్న అత్తాబ్ బిన్ ఉసైద్ (రజి). యమన్‌కు బోధకునిగా, న్యాయమూర్తిగా వెళ్ళిన ముఆజ్ (రజి) కూడా యువకుడే.

ఉసామా బిన్ జైద్ (రజి) విషయం మరింత ఆలోచింపజేస్తుంది. సుమారు ఇరవై ఏళ్ళ ఆ యువకుణ్ణి సేనాధిపతిగా నియమించినప్పుడు కొందరు గొణిగారు. ప్రవక్త (స) ఆ నియామకాన్ని వెనక్కి తీసుకోలేదు, ఉసామా అందుకు తగినవాడేనని బహిరంగంగా ప్రకటించారు. ఆ సైన్యం బయలుదేరినప్పుడు ఖలీఫా అబూబక్ర్ (రజి) గుర్రం మీద ఉన్న ఉసామా పక్కన కాలినడకన నడిచారనీ, ఉమర్ (రజి)ను మదీనాలో ఉంచుకోవటానికి ఉసామానే అనుమతి అడిగారనీ చరిత్రకారులు వ్రాశారు. ఖలీఫా ఆజ్ఞాపించవచ్చు. కాని బాధ్యత ఇచ్చిన తరువాత ఆ బాధ్యతకు మర్యాద కూడా ఇవ్వాలని ఆయన చూపించారు. మన కమిటీలు నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే.

‘వాలంటీర్’ అనే మాట మన జిల్లాల్లో

మన రాష్ట్రంలో ఈ మాట వినగానే జనానికి గుర్తొచ్చేది ప్రభుత్వ వాలంటీరే. 2019 ఆగస్టు 15న ప్రారంభమైన ఆ వ్యవస్థలో గ్రామాల్లో 50 కుటుంబాలకు ఒకరు చొప్పున యువతీయువకులను నియమించి నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చారు. వారు ప్రతి నెలా ఇంటికి వెళ్ళి పింఛను ఇచ్చేవారు. 2024 ఎన్నికల సమయంలో ఎన్నికల సంఘం వారిని పింఛన్ల పంపిణీ నుంచి దూరంగా ఉంచింది. ప్రభుత్వం మారిన తరువాత 2024 జూలై 1 నుంచి సచివాలయ సిబ్బంది ద్వారా పంపిణీ మొదలైంది, పాత వ్యవస్థ కొనసాగలేదు.

దాని రాజకీయాల మంచిచెడ్డలు మా విషయం కాదు. అందులో మనకు పనికొచ్చేవి రెండున్నాయి. ఒకటి, 50 ఇళ్ళు ఒకరి బాధ్యత అన్న పద్ధతి. ఆ 50 ఇళ్ళల్లో మంచానపడిన ముసలమ్మ ఎవరు, చదువు మానేసిన పిల్లవాడు ఎవరు అన్నది ఆ ఒక్కరికి తెలుస్తుంది. మన మస్జిదు చుట్టూ ఉన్న ఇళ్ళను కూడా ఇలా పదేసి, ఇరవయ్యేసి చొప్పున పంచుకోవచ్చు. రెండవది, వేతనం మీద నిలబడిన పని వేతనంతోపాటే ఆగిపోతుంది. సేవాదళానికి జీతం లేదు. అది నిలబడేది ఇఖ్లాస్ మీద, అంటే అల్లాహ్ ప్రసన్నత కోసమే చేస్తున్నామన్న సంకల్పం మీద. అన్నం పెట్టి, మీ నుంచి ప్రతిఫలం గాని కృతజ్ఞత గాని కోరమని భావించే పుణ్యాత్ములను ఖుర్‌ఆన్ ప్రశంసించింది (76:8, 9). దళంలో చేరే ప్రతి యువకునికీ మొదటి రోజునే ఈ తేడా బోధపడాలి.

యువకుడు నిలబడాలంటే

1. తెలిసిన పని తెలిసినవారికి. మదీనా మస్జిదు నిర్మాణంలో యమామా నుంచి వచ్చిన తల్ఖ్ బిన్ అలీ (రజి) మట్టి కలపటంలో నేర్పరి. ప్రవక్త (స) అది గమనించి ఆ పని ఆయనకే వదిలేయమన్నారు. మన ఊళ్ళో కంప్యూటరు వచ్చిన పిల్లవాడు ఉంటాడు, అతనికి స్కాలర్‌షిప్ దరఖాస్తుల పని ఇవ్వాలి. మోటారు మెకానిక్ ఉంటాడు, నర్సింగు చదివిన అమ్మాయి ఉంటుంది, లెక్కలు బాగా చెప్పే డిగ్రీ విద్యార్థి ఉంటాడు. 2018 ఆగస్టులో కేరళ వరదల్లో మత్స్యకారులు తమ పడవలను లారీల మీద ఎక్కించుకుని వచ్చి వేలాదిమందిని కాపాడారు. వారెవరూ కొత్త విద్య నేర్చుకుని రాలేదు, ఉన్న విద్యనే తెచ్చారు.

2. గంటలు, గడువు ముందే చెప్పాలి. ‘ఎప్పుడు పిలిస్తే అప్పుడు రావాలి’ అంటే ఉద్యోగం, చదువు ఉన్న యువకుడు భయపడతాడు. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన జాతీయ సేవా పథకం విద్యార్థికి ఒక లెక్క చెప్పింది: ఏడాదికి 120 గంటలు, రెండేళ్ళు, మధ్యలో ఏడు రోజుల శిబిరం. వారానికి లెక్క వేస్తే రెండు గంటలకు కాస్త పైన. ఆ పథకం అర్ధ శతాబ్దం దాటి నిలవటంలో ఇంత స్పష్టమైన లెక్క కూడా తోడ్పడిందని మేము భావిస్తున్నాం. చిన్నదైనా నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమని ప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిం). అంచేత వారానికి రెండు గంటలు, ఆరు నెలల మాట తీసుకోండి. గడువు పూర్తయ్యాక కొనసాగుతావా అని అడగండి.

3. ఇంటిని మరచిపోకూడదు. మాలిక్ బిన్ హువైరిస్ (రజి), ఇంచుమించు ఒకే ఈడు యువకులతో వచ్చి ప్రవక్త (స) వద్ద ఇరవై రాత్రులు ఉన్నారు. వారు ఇంటివారి మీద బెంగ పెట్టుకున్నారని ప్రవక్త (స) తానే గ్రహించారు. వెనుక ఎవరెవరిని వదిలి వచ్చారో విచారించి, ఇళ్ళకు వెళ్ళి అక్కడివారికి నేర్పమని పంపించారు (బుఖారీ). తల్లికి మందు తెచ్చే కొడుకును ఆపి పేదవాడికి బియ్యం మోయించటం సేవ కాదు. పరీక్షల నెలలో విద్యార్థికి సెలవివ్వండి.

4. మష్వరాలో చోటు. ఉహుద్‌కు ముందు పట్టణం లోపలే ఉండి ఎదుర్కోవాలా, బయటకు వెళ్ళాలా అన్న సంప్రదింపు జరిగింది. బయటకు వెళ్దామని పట్టుబట్టినవారిలో ఎక్కువమంది బద్ర్‌లో పాల్గొనలేకపోయిన యువకులు. ప్రవక్త (స) తన మొగ్గు వేరుగా ఉన్నా వారి మాట తీసుకున్నారు. ఆ రోజు ముస్లింలకు తీవ్ర నష్టం జరిగింది. ఆ తరువాత అవతరించిన ఆయతు వారిని మన్నించమనీ, వ్యవహారాల్లో వారిని సంప్రదించమనీ ఆదేశించింది (3:159). నష్టం జరిగిన తరువాత కూడా సంప్రదింపు రద్దు కాలేదు. కాబట్టి సేవాదళం పెట్టిన మొదటి కార్యక్రమం అనుకున్నట్టు జరగలేదని యువకుల చేతిలోని పనిని పెద్దలు లాగేసుకోకూడదు. కమిటీలో కనీసం ఇద్దరు యువకులు ఉండాలి, చిన్న మొత్తం ఖర్చు వారి నిర్ణయానికే వదలాలి.

5. పెద్దల నాలుక. అనస్ (రజి) బాల్యం నుంచి పదేళ్ళు ప్రవక్త (స) సేవలో ఉన్నారు. ఆ పదేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన తనను విసుక్కోలేదనీ, ఇది ఎందుకు చేశావు, అది ఎందుకు చేయలేదు అని నిలదీయలేదనీ ఆయనే చెప్పారు (బుఖారీ, ముస్లిం). నలుగురిలో ఒక్క మాట తూలితే యువకుడు మళ్ళీ కనిపించడు. గడ్డం లేదనో, జీన్సు వేసుకున్నాడనో గుమ్మంలోనే ఆపేస్తే అతని సంస్కరణకు ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. పనిలో పక్కన నిలబడితే మంచి మాట చెప్పే సమయం తప్పక దొరుకుతుంది.

6. గుర్తింపు, ఫోటోలు. మస్జిదు ఊడ్చే ఒక మహిళ మరణిస్తే, చిన్న విషయమనుకుని ప్రవక్త (స)కు తెలియజేయలేదు. ఆయన ఆమె గురించి విచారించి, సమాధి వద్దకు వెళ్ళి నమాజు చేశారు. ప్రజలకు కృతజ్ఞత తెలపనివాడు అల్లాహ్‌కు కృతజ్ఞత తెలపనివాడేనని కూడా హదీసులో ఉంది. అంచేత పనిచేసిన యువకుణ్ణి పేరు పెట్టి అభినందించటం, కాలేజీకి పనికొచ్చే ధ్రువపత్రం ఇవ్వటం తప్పు కాదు. దానధర్మాలు బహిరంగంగా చేసినా మంచిదే, రహస్యంగా పేదలకిస్తే మరింత మేలని ఖుర్‌ఆన్ తెలిపింది (2:271). అయితే బియ్యం సంచి పట్టుకున్న విధవరాలి ముఖం వాట్సాప్‌లో తిప్పటం వేరు. ఎత్తిపొడుపులతో, మనసు నొప్పించి దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని అదే సూరా హెచ్చరించింది (2:264). నియమం సులభం: పని ఫోటో తీయవచ్చు, తీసుకునేవారి ముఖం తీయకూడదు.

మన డెల్టాకు తగిన పనులు

వరద. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. మన ఇళ్ళల్లోని పెద్దలకు అది ఇప్పటికీ గుర్తే. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చి కోనసీమ లంకలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఇస్తారు. ఈ మూడు అంకెలు సేవాదళంలోని ప్రతి ఒక్కరికీ నోటికి రావాలి. ప్రతి హెచ్చరికకూ ఏం చేయాలో వేసవిలోనే వ్రాసి పెట్టుకోవాలి. మొదటి హెచ్చరికకు ముసలివారి, గర్భిణుల, రోగుల జాబితా చూసుకోవటం. రెండవదానికి వారిని ఎత్తైన చోటికి చేర్చటం. మూడవదానికి వంట, తాగునీరు, మందులు. కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగిన తరువాత సాయం చేరవేయటం ఎంత కష్టమో ఆ ప్రాంతంవారికి చెప్పనక్కరలేదు.

ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరి. ఆవేశంతో నీటిలోకి దిగటం ధైర్యం కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద జరిగిన పడవ ప్రమాదంలో ఎన్ని ప్రాణాలు పోయాయో మనం చూశాం. ప్రాణం అల్లాహ్ ఇచ్చిన అమానతు. లైఫ్ జాకెట్ లేకుండా, అధికారుల అనుమతి లేకుండా ఏ పిల్లవాణ్ణీ పడవ ఎక్కించకూడదు. అతని తల్లిదండ్రులకు జవాబు చెప్పవలసినది కమిటీయే, అల్లాహ్ ముందు కూడా.

వేసవి. కాలువలు కట్టేసే రోజుల్లో శివారు గ్రామాలకు తాగునీటి ఇబ్బంది వస్తుంది. నీటి సదఖా ఎంత పుణ్యమో వేరే చెప్పనవసరం లేదు. బస్టాండు దగ్గర చలివేంద్రాన్ని రోజుకొకరు చొప్పున నడిపితే ఎవరికీ భారం కాదు.

రక్తదానం. ఆపదలో ఉన్న రోగికి రక్తం ఇవ్వటాన్ని ఈ కాలపు ఉలమాల్లో అత్యధికులు అనుమతించారు, అమ్మటాన్ని కాదు. 18 ఏళ్ళు నిండి, 45 కిలోల బరువు ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. రక్త గ్రూపులతో ఒక పుస్తకం తయారు చేసి ఉంచుకుంటే రాజమండ్రి, కాకినాడ ఆసుపత్రుల నుంచి అర్ధరాత్రి ఫోను వచ్చినా పని జరుగుతుంది. రోగి మతం అడగవలసిన పని లేదు. మనతో శత్రుత్వం లేనివారి పట్ల మంచిగా, న్యాయంగా వ్యవహరించమని ఖుర్‌ఆన్ ఆదేశం (60:8). 2021లో కోవిడ్ రెండవ ఉధృతిలో తిరుపతిలో ముస్లింల బృందం మతభేదం చూడకుండా మృతులకు అంత్యక్రియలు జరిపింది. అయినవారే దగ్గరకు రాని రోజులవి.

యువతుల సంగతి

సేవ పురుషులకే పరిమితం కాదు. రుఫైదా (రజి) గాయపడినవారికి చికిత్స చేసేవారు. రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) సైనికులకు నీరు అందించిన సంగతి బుఖారీలో ఉంది. మన అమ్మాయిలు ఎంతో చదువుతున్నారు. వారికి వేరుగా ఒక బృందం, వారిలోనే ఒక జిమ్మేదారు ఉండాలి. ఇద్దత్‌లో ఉన్న స్త్రీ ఇంటికి, బాలింత ఇంటికి వెళ్ళగలిగేది వారే. ఆడపిల్లలకు సాయంత్రం ట్యూషను చెప్పగలిగేది వారే.

లెక్కలు వేరువేరుగా

జకాత్ హక్కుదారుల ఎనిమిది వర్గాలను ఖుర్‌ఆనే నిర్ణయించింది (9:60). హనఫీ మస్లక్ ప్రకారం ఆ సొమ్ము హక్కుదారుని చేతికి సొంతంగా అందాలి. కాబట్టి దళం పెట్రోలు ఖర్చు, బ్యానర్లు, టీలు, లైఫ్ జాకెట్లు జకాత్ నుంచి పెట్టకూడదు. ముస్లిమేతర సోదరులకు చేసే సాయం కూడా సాధారణ సదఖా, విరాళాల నుంచే ఉండాలి. రెండు పుస్తకాలు, రెండు డబ్బాలు పెట్టండి. నెలకొకసారి జుమా తరువాత లెక్క చదివించండి, చదివేది యువకుడే కావాలి. లెక్క తన నోటితో చదివినవాడు ఆ పనిని తనదిగా భావిస్తాడు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి నెలలో ఇమాము గారు, ఇద్దరు పెద్దలు, అయిదారుగురు యువకులు కూర్చుని ఊరిలో నిజంగా బాధ ఉన్న ఒక్క పనిని ఎన్నుకోవాలి. పది పనులు వద్దు. రెండవ నెలలో ఇళ్ళు పంచుకుని ఆ పని మొదలుపెట్టాలి. మూడవ నెల చివర మళ్ళీ కూర్చుని ఏం జరిగింది, ఏం మార్చాలి అని మాట్లాడుకోవాలి. ముందు యువకులు చెప్పాలి, తరువాత పెద్దలు. ఊరు వదిలి వెళ్ళినవారిని కూడా మరచిపోవద్దు. గల్ఫ్‌లో ఉన్నవారు విరాళంతో, హైదరాబాదులో ఉన్నవారు ఫోనులో విద్యార్థులకు సలహాతో పాల్గొనవచ్చు. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు ఒక పూట పనికి పిలవండి.

ఇంట్లో మాట్లాడుకోవటానికి

మన వీధిలో ఈ నెల ఎవరికి సహాయం అవసరం? మన ఇంటి యువకునికి, యువతికి వచ్చిన ఏ విద్య ఇతరులకు పనికొస్తుంది? వారానికి రెండు గంటలు ఎక్కడి నుంచి తీయగలం? మన మస్జిదులో యువకులతో చివరిసారి సంప్రదించింది ఎప్పుడు?

ప్రళయదినాన మనిషి కదలటానికి ముందు అడిగే ప్రశ్నల్లో అతని యౌవనాన్ని ఎక్కడ గడిపాడన్న ప్రశ్న ఒకటని హదీసు తెలుపుతోంది (తిర్మిజీ). యువకుడు దానికి జవాబు సిద్ధం చేసుకోవాలి. అతనికి పని ఇవ్వవలసిన స్థానంలో ఉన్న మనమూ మన బాధ్యతకు జవాబు సిద్ధం చేసుకోవాలి.

అల్లాహ్ మన యువతీయువకుల మనసులను తన మార్గంలో స్థిరపరచుగాక! పెద్దలకు విశాల హృదయాన్ని, చిన్నలకు నిలకడను, అందరికీ చిత్తశుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.